డిగ్రీ దాకా చదివి చెట్లెక్కడమా అని ఇంట్లో నవ్విన ఉద్దానం తమ్ముడికి

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి వైపు ఒక పల్లె. నా వయసు 23. తిత్లీ తుఫానులో మా ఎకరంన్నర కొబ్బరి తోట పడిపోయింది. అప్పట్నుంచీ నాన్న హైదరాబాద్‌లో తాపీ పనికి పోతున్నాడు. మళ్లీ నాటిన మొక్కల్లో కొన్నే బతికాయి, అవి ఇప్పుడిప్పుడే గెలలు వేస్తున్నాయి. నేను బీకాంలో రెండు సబ్జెక్టులు పోగొట్టుకున్నాను. చెన్నైలో ఒక హోటల్లో కొన్నాళ్లు పనిచేసి, ఒంట్లో బాగోక తిరిగొచ్చేశాను. తుఫాను తర్వాత మా ఊళ్లో కుట్టుపని, సెల్‌ఫోన్ రిపేరు, కంప్యూటర్ అంటూ చాలా శిక్షణలిచ్చారు. నేర్చుకున్నవాళ్లలో ఇప్పుడు ఆ పని చేస్తున్నవాళ్లు మా వీధిలో ఒక్కరూ లేరు. మళ్లీ ఈమధ్య ఒక సంస్థవాళ్లు వచ్చి, మూడు నెలలు సేల్స్ కోర్సు చేస్తే బెంగళూరులో నెలకు 15 వేల ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. అమ్మ వెళ్లమంటోంది. కొబ్బరి చెట్లెక్కే మిషన్ మీద కూడా శిక్షణ ఉందని విన్నాను. డిగ్రీ దాకా చదివి చెట్లెక్కడమేంటని ఇంట్లో నవ్వారు. నాకు ఊరు వదలాలని లేదు. అసలు ఈ శిక్షణల వల్ల ప్రయోజనం ఉంటుందా? నన్ను ఏది నేర్చుకోమంటారు?

జవాబు: తమ్ముడూ, ముందు సూటిగా చెప్పేస్తాను, కారణాలు తర్వాత చెబుతాను. సేల్స్ కోర్సు నీకు వద్దు. పదో తరగతి మార్కుల మెమో పట్టుకుని ఈసారి ఐటీఐ అడ్మిషన్లలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌కి దరఖాస్తు పెట్టు. అది మొదలయ్యేలోపు కొబ్బరి చెట్లెక్కే శిక్షణ పూర్తి చేసుకో. ఎవరు నవ్వినా సరే.

ఇక మీ వీధిలో ఆ శిక్షణలు ఎందుకు నిలబడలేదన్నది. కుర్రాళ్లకు ఓపిక లేదని, సబ్సిడీ కోసం చేరారని పెద్దవాళ్లు అంటుంటారు. నేను ఒప్పుకోను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున గంటకు 140-150 కిలోమీటర్ల గాలితో తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. ఆ గాలికి చెట్లు కూలాయి. చెట్లతో పాటు ఊళ్లో తిరిగే డబ్బూ ఆగిపోయింది. కాయ అమ్ముకున్న రైతే కదా కొత్త చొక్కా కుట్టించుకునేది, పాడైన ఫోను బాగుచేయించుకునేది. కాయే లేనప్పుడు ఒకే ఊళ్లో పాతికమందికి కుట్టుపని నేర్పితే ఎవరి బట్టలు ఎవరు కుట్టాలి? విపత్తు వచ్చిన చోట పనిచేసేవాళ్ల ఉపాధి ఒక్కటే పోదు, వాళ్లను పనికి పిలిచేవాళ్ల చేతిలో డబ్బూ పోతుంది. శిక్షణ పెట్టినవాళ్లు ఈ రెండో సంగతి లెక్కలోకి తీసుకోలేదు. గది దొరికింది, మిషన్లు తేలిగ్గా వచ్చాయి, నేర్పే టీచరుంది. అలా కోర్సు పెట్టేశారు. మీ స్నేహితులు మిషన్లు అమ్ముకుని వలస పోయారంటే అందులో వాళ్ల తప్పు ఏమీ లేదు.

తుఫాను తర్వాత నిజంగా గిరాకీ ఉండే పని ఒకటుంది, ఇళ్లు కట్టే పని. 2001 జనవరి 26న కచ్ భూకంపం తర్వాత భుజ్ చుట్టుపక్కల, 2015 ఏప్రిల్ 25 భూకంపం తర్వాత నేపాల్‌లో తాపీ మేస్త్రీలకు పెద్ద ఎత్తున శిక్షణ ఇచ్చారు. నేపాల్‌లో ఇంటికి ఇచ్చే సాయాన్ని విడతలుగా పెట్టి, కట్టడం నిబంధనల ప్రకారం ఉందని ఇంజనీరు చూశాకే తర్వాతి విడత ఇచ్చారు. అందుకని భూకంపానికి తట్టుకునేలా కట్టడం తెలిసిన మేస్త్రీ అందరికీ కావలసి వచ్చాడు. అక్కడ శిక్షణకు విలువ తెచ్చింది ఆ నిబంధన. అయినా ఇళ్లన్నీ లేచాక ఆ పని తగ్గిపోతుంది. అందుకే నీకు అది చెప్పడం లేదు. పైగా మీ ఇంట్లో తాపీ పట్టిన మనిషి ఇప్పటికే ఉన్నారు. నాన్నగారి సంగతి చివర్లో చెబుతాను.

నువ్వు ఒక్కసారి క్యాలెండర్ ముందు పెట్టుకుని చూడు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మీ కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం తోటలు దెబ్బతిన్నాయి. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కొట్టింది. 2018 అక్టోబరు 11న తిత్లీ. మూడూ అక్టోబరు రెండో వారంలోనే. మీ తీరానికి తుఫాను ఇదే ఆఖరు కాదని అక్కడ పుట్టినవాడివి, నాకంటే నీకే బాగా తెలుసు. మరి తిత్లీ వెళ్లిన మర్నాటి నుంచి ఉద్దానంలో అసలు పనే లేకుండా పోయిందా? కరెంటు స్తంభాలు వరుసలకు వరుసలు పడిపోయాయి. వాటిని నిలబెట్టడానికి వేరే జిల్లాల నుంచి లైన్ గ్యాంగులు వచ్చాయి. దారులకు అడ్డంగా పడ్డ చెట్లను కోయడానికి పవర్ రంపాలు, వాటిని నడిపే మనుషులూ కావలసి వచ్చారు. నీళ్ల మోటార్లు నడవడానికి జనరేటర్లు తెచ్చారు. పని కొండలా ఉంది. ఆ పని చేతనైనవాళ్లు మాత్రం బయటి నుంచి వచ్చారు. మీ ఊరి కుర్రాళ్లు అదే సమయంలో బస్టాండులో హైదరాబాద్ బస్సు కోసం నిలబడ్డారు. ఇది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

ఎలక్ట్రీషియన్ అని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే. తుఫాను లేని పదకొండు నెలలూ మీ దగ్గర ఆ పని ఉంటుంది. బోరు మోటార్లు కాలిపోతుంటాయి. కిడ్నీ జబ్బుల భయంతో ఉద్దానంలో ఊరూరా నీటిశుద్ధి ప్లాంట్లు పెట్టారు, వాటి పంపులు, ప్యానెళ్లు మొరాయిస్తుంటాయి. పలాస జీడి ఫ్యాక్టరీల్లో గింజలు ఉడికించే బాయిలర్లు, కటింగ్ మిషన్లు, పప్పు ఆరబెట్టే డ్రయ్యర్లు ఉంటాయి. డ్రయ్యరు సగంలో ఆగితే పప్పు తేమ పట్టి ధర పడిపోతుంది కాబట్టి యజమాని రాత్రయినా ఫోన్ చేస్తాడు. ఇళ్ల వైరింగ్ ఎటూ ఉంటుంది. తుఫాను వచ్చినప్పుడు ఇదే చెయ్యి వంద ఇళ్లకు కావాలి. నీళ్లలో నానిన మీటరు బోర్డును ఎప్పుడు ఆన్ చేయొచ్చో, ఎప్పుడు ముట్టుకోకూడదో తెలిసినవాడు ఊళ్లో ఒకడుంటే ప్రాణాలు నిలుస్తాయి. 2018 వరదల తర్వాత కేరళలో ఐటీఐ విద్యార్థులు, అధ్యాపకులు నైపుణ్య కర్మసేన పేరుతో జట్లు కట్టి, మునిగిన ఇళ్లలో వైరింగు, ప్లంబింగు బాగుచేసిపెట్టారు. నేర్చుకుంటున్న పిల్లలే ఆ పని చేశారు. మన దగ్గర ప్రతి తీరప్రాంత ఐటీఐకీ అలాంటి జట్టు ఒకటి ఉండాలని నా కోరిక.

ఇంకొక మాట. 2019లో గ్రామ సచివాలయాల కోసం విద్యుత్ సంస్థలు ఎనర్జీ అసిస్టెంట్లను, అంటే జూనియర్ లైన్‌మెన్‌ను తీసుకున్నప్పుడు పదో తరగతితో పాటు ఎలక్ట్రికల్ లేదా వైర్‌మన్ ఐటీఐ, లేకుంటే ఇంటర్‌లో ఎలక్ట్రికల్ ఒకేషనల్ అడిగారు. స్తంభం ఎక్కే పరీక్ష కూడా పెట్టారు. అక్కడ డిగ్రీకి విలువ లేదు. అమ్మగారికి గవర్నమెంటు ఉద్యోగం మీద ఆశ ఉంటే ఈ సంగతి చెప్పు. మళ్లీ అలాంటి నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో దాని కోసం కూర్చోమనడం లేదు. వచ్చిన రోజున నీ చేతిలో ఆ కాగితం ఉండాలి, అంతే.

ఎలక్ట్రీషియన్ ట్రేడ్ రెండేళ్లు. 23 ఏళ్లకు ఐటీఐలో చేరడమేంటని సిగ్గుపడకు, నీకంటే పెద్దవాళ్లు ఆ బెంచీల మీద కూర్చుంటున్నారు. మొదట ప్రభుత్వ ఐటీఐకే పెట్టు. సీటు రాకపోతే వైర్‌మన్ ట్రేడ్ చూడు. ఐటీఐ అయ్యాక అప్రెంటిస్‌గా చేరితే 1961 అప్రెంటిస్‌ల చట్టం కింద స్టైపెండ్ ఇస్తారు. విశాఖ పరిశ్రమల్లో అలా ఏడాది గడిపి వచ్చినవాడికి, గడపనివాడికి పనిలో తేడా తెలిసిపోతుంది. దాన్ని మాత్రం వదులుకోవద్దు.

చేరే ముందు ఆ ఐటీఐకి వెళ్లి వర్క్‌షాపు చూడు. ఆఫీసు గదిలో గోడ మీది ఫొటోలు, కప్పులు చూసి తిరిగి రాకు. నేల చూడు. వెల్డింగ్ షెడ్డులో కాలిపోయిన రాడ్ల తునకలు పడి ఉన్నాయా, లేక నేల అద్దంలా ఉందా? ఎలక్ట్రికల్ ల్యాబులో మోటార్ల కవర్లు విప్పి ఉన్నాయా, రాగి తీగ చుట్టి విప్పిన గుర్తులు కనిపిస్తున్నాయా? స్విచ్చు బోర్డుల మీద స్క్రూల తలలు అరిగి ఉంటే పిల్లలు వాటిని వందసార్లు బిగించి విప్పారని అర్థం. అన్నీ కొత్తగా మెరుస్తుంటే ఆ సామాను తనిఖీ రోజున మాత్రమే బయటికి వస్తోందనుకోవచ్చు. మధ్యాహ్నం రెండు గంటల వేళ చెప్పకుండా వెళ్లు, అప్పుడు నిజం కనబడుతుంది. పిల్లలు ఉదయం హాజరు వేయించుకుని వెళ్లిపోయే చోటయితే నువ్వు కూడా రెండేళ్లు పోగొట్టుకుంటావు.

రెండేళ్లు ఇల్లు గడవడం కష్టమంటావేమో. అది నిజమైన ఇబ్బందే, ధైర్యం చెప్పేస్తే తీరేది కాదు. అందుకే కొబ్బరి చెట్ల సంగతి ఎత్తాను. కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011 నుంచి 'ఫ్రెండ్స్ ఆఫ్ కోకోనట్ ట్రీ', అంటే కొబ్బరి చెట్టు నేస్తాలు, అనే పేరుతో ఒక శిక్షణ నడుపుతోంది. శిక్షణ ఆరు రోజులు. చెట్టెక్కే పరికరం ఇస్తారు, ప్రమాద బీమా ఉంటుంది. పరికరం చూశావో లేదో. రెండు కాళ్లకూ రెండు ఇనుప చట్రాలుంటాయి. ఒక్కో చట్రం నుంచి ఇనుప తీగతాడు చెట్టు చుట్టూ తిరిగి వచ్చి తగులుకుంటుంది. కాలెత్తితే ఆ వైపు తాడు వదులవుతుంది, కాలు మోపి బరువేస్తే బిగిసి చెట్టును పట్టుకుంటుంది. కుడీ ఎడమా మార్చుకుంటూ నిలబడే పైకి పోవచ్చు. నడుముకు బెల్టు తప్పనిసరి. గుండెలు చెట్టుకు రాసుకుని చర్మం లేచిపోయే పాత పద్ధతి కాదిది.

పైకెక్కాక చేసేది కాయ దించడం ఒక్కటే కాదు. తిత్లీ తర్వాత నాటిన మీ మొక్కల్లాంటి లేత చెట్లకు కొమ్ము పురుగు, ఎర్రముక్కు పురుగు పెద్ద శత్రువులు. కొమ్ము పురుగు మొవ్వులోకి, అంటే చెట్టు తలలో ఇంకా విచ్చుకోని లేత ఆకులోకి తొలుచుకుపోతుంది. ఆ ఆకు విచ్చుకున్నాక కత్తెరతో కత్తిరించినట్టు త్రికోణాలుగా కనిపిస్తుంది. మొవ్వులోంచి ఇనుప కొక్కెంతో పురుగును లాగడం, ఎండు మట్టలు, పీచు తీసి తల శుభ్రం చేయడం, మొవ్వులో మందు పెట్టడం తెలిసినవాడిని రైతు కాయ దింపుడు కూలికి మించి ఇచ్చి పిలుస్తాడు. ఎర్రముక్కు పురుగు సంగతి ఇంకా ఘోరం. మొవ్వు వాడేదాకా బయటికి తెలీదు, తెలిసేసరికి చెట్టు పోయినట్టే. నాటు రకం కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. తుఫానులో ఒకసారి పోగొట్టుకుని, ఆరేడేళ్లు నీళ్లు పోసి పెంచిన చెట్టు పురుగుతో పోతే ఆ రైతు తట్టుకోలేడు. చెట్టెక్కేవాళ్లు పెద్దవాళ్లైపోతున్నారు, వాళ్ల పిల్లలు ఎక్కడం లేదు. దించే మనిషి కోసం రైతు రోజుల తరబడి ఎదురుచూస్తున్నాడు. సెలవుల్లో, ఆదివారాల్లో నువ్వు ఈ పని చేస్తే నీ చదువు ఖర్చు నువ్వే చూసుకోవచ్చు.

ఇంట్లో ఎందుకు నవ్వారో నాకు తెలుసు. చెట్టెక్కడం ఫలానా కులంవాళ్ల పని, చదువు అబ్బనివాళ్ల పని అని మన నెత్తిన తరాలుగా రుద్దారు. స్తంభమెక్కితే ఉద్యోగం, చెట్టెక్కితే కూలి అనే మాట నాకు మింగుడుపడదు. రెండూ ఎత్తులే, రెండింటికీ బెల్టు కావాలి, పట్టు తప్పితే రెండు చోట్లా ప్రాణం మీదికి వస్తుంది. పైగా ఎత్తులో భయం లేకుండా పనిచేయడం అలవాటైతే రేపు స్తంభమెక్కే పరీక్షకు అదే సాయపడుతుంది. డిగ్రీ ఉన్నవాడు చెట్టెక్కితే చెట్టుకు ఏం పురుగు పట్టిందో చదివి తెలుసుకుంటాడు, ఏ చెట్టుకు ఎప్పుడు మందు పెట్టాడో పుస్తకంలో రాసి పెడతాడు. ఆ చదువు అక్కడ పనికొస్తుంది. అన్నట్టు ఆ రెండు సబ్జెక్టులూ రాసెయ్, అలా వదిలేయకు.

రెండేళ్లు ఎలాగూ కుదరదనిపిస్తే ఇంకో దారి ఉంది. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ జిల్లాకొకటి ఉంటుంది, ఆర్‌సెటీ అంటారు. కర్ణాటకలో ధర్మస్థల ట్రస్టు, రెండు బ్యాంకులు కలిసి 1982లో ఉజిరెలో మొదలుపెట్టిన రుడ్‌సెట్ నమూనాలో పుట్టినవి ఇవి. భోజనం, వసతితో సహా ఉచితం. ఇంటి వైరింగు, మోటారు రీవైండింగు లాంటి కోర్సులు కొన్ని వారాల్లో అయిపోతాయి. కోర్సయ్యాక రెండేళ్ల పాటు వెంట ఉండి, బ్యాంకు రుణానికి కూడా సాయపడాలన్నది వాళ్ల పద్ధతి. లైన్‌మన్ ఉద్యోగానికి ఆ సర్టిఫికెట్ ఐటీఐతో సమానం కాదు. కానీ సోంపేటలోనో పలాసలోనో మంచి పేరున్న రీవైండింగ్ షాపులో చేరడానికి సరిపోతుంది. అక్కడ ఏడాది గడిపితే సొంత షాపు సంగతి ఆలోచించుకోవచ్చు.

బెంగళూరు సేల్స్ కోర్సు నీకు వద్దన్నాను గానీ, దాని గురించి ఒక మాట చెప్పాలి. అందరికీ అది చెడ్డది కాదు. దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన లాంటి పథకం కింద నడిచేదయితే పూర్తిగా ఉచితం, శిక్షణ పొందినవాళ్లలో కనీసం 70 శాతం మందిని ఉద్యోగంలో పెట్టాలన్న షరతు కూడా ఉంది. బయటి ఊళ్లో బతకాలన్న ఉత్సాహం ఉన్న మీ ఊరి కుర్రాడెవరైనా వెళ్లాలనుకుంటే ఆపకు. ఏ పథకం కింద నడుస్తోందో కాగితం మీద రాసిమ్మని అడగమను. కిందటి బ్యాచ్‌లో వెళ్లిన పదిమంది ఫోన్ నంబర్లు అడిగి, వాళ్లలో ఇప్పటికీ అక్కడ ఎందరున్నారో తనే కనుక్కోమను. డిపాజిట్ పేరుతో రూపాయి అడిగినా, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చి వెళ్లమన్నా అక్కడి నుంచి వచ్చేయమను. 15 వేలలో గది అద్దె, తిండి, బస్సు ఖర్చులు పోతే ఇంటికి ఎంత పంపగలవో చెన్నైలో పనిచేసి వచ్చినవాడివి, ఆ లెక్క నీకే తెలుసు. అమ్మగారి ముందు కూర్చుని ఆ లెక్క కాగితం మీద వేసి చూపించు. ఆవిడ వెళ్లమంటున్నది నిన్ను వదిలించుకోవడానికి కాదు, ఊళ్లో ఉంటే పస్తులే అన్న భయంతో. ఆ భయం తిత్లీ నేర్పింది. వాదిస్తే పోదు, లెక్క చూస్తే తగ్గుతుంది.

ఇక నాన్నగారు. ఇన్నేళ్లు హైదరాబాద్‌లో తాపీ పట్టిన మనిషి చేతిలో బోలెడు పని ఉంది, దానికి కాగితం మాత్రం లేదు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో తాపీ మేస్త్రీ కూడా ఉంది. ఐదు నుంచి ఏడు రోజుల శిక్షణలో రోజుకు 500 స్టైపెండ్, పనిముట్లకు 15 వేలు, తర్వాత 5 శాతం వడ్డీకి పూచీకత్తు లేకుండా మొదటి విడత లక్ష రూపాయల రుణం ఉంటాయి. నమోదు కామన్ సర్వీస్ సెంటర్‌లో, మొదటి తనిఖీ మీ పంచాయతీలో. గత ఐదేళ్లలో ఇలాంటి స్వయం ఉపాధి రుణాలు తీసుకుని ఉంటే కుదరకపోవచ్చు, అది ముందే అడుగు. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు కాబట్టి నీ పేరు పెట్టుకోకు, నాన్నగారి పేరే పెట్టు. ఈసారి పండక్కి ఆయన ఊరికొచ్చినప్పుడు ఆధార్, బ్యాంకు పుస్తకం, రేషన్ కార్డు తీసుకుని ఇద్దరూ కలిసి వెళ్లండి. వేలిముద్ర వేయాలి కాబట్టి ఆయన స్వయంగా రావాలి.